నీట మునిగిన ఊరికి ఆకాశమార్గం

మన పత్రికలో యాత్రా వ్యాసాలు రాసే మిత్రులు సాధారణంగా ఎల్.టి.సి. మీద వెళ్ళివచ్చిన బదరీనాథ్ గురించో, అండమాన్ దీవుల గురించో, కన్యాకుమారి సూర్యోదయం గురించో రాస్తారు. నేను రాయబోయే యాత్రకు టిక్కెట్టు లేదు, బెర్తు లేదు, బిల్లు పెట్టుకునే వీలు అంతకన్నా లేదు. మా క్వార్టరు వెనక గదిలో ఒక ప్లైవుడ్డు బల్ల ముందు కూర్చుని, ఎనభై రెండేళ్ళ మా నాయన, నేను హైదరాబాదు నుంచి సంగమేశ్వరం దాకా చేసిన ప్రయాణమిది. ఆ తరువాత అదే చోటికి నేలమీద, నీటిమీద కూడా వెళ్ళివచ్చాము కనుక దీనిని యాత్రా వ్యాసంగా అంగీకరించడానికి సంపాదకవర్గం వెనుకాడదని నా ఆశ.

ముందుగా ఆ వెనక గది సంగతి చెప్పాలి. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి ఉద్యోగరీత్యా పుణే వెళుతూ తన పాత కంప్యూటరును ఇంట్లో వదిలివెళ్ళాడు. అందులో ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటరు ఉన్నది. వివిధ దేశాల ఔత్సాహికులు 1990ల చివరి నుంచి కలిసికట్టుగా రాస్తూ వస్తున్న ఉచిత సాఫ్ట్‌వేరు అది. అందులో సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం ఉంటుంది. రాత్రి డ్యూటీ లేని రోజుల్లో కీబోర్డు మీటలు నొక్కుతూ దానిని ఎగరవేయడానికి ప్రయత్నించాను. మీట నొక్కితే ఒకటే వేగంతో ఒరిగిపోతుంది, వదిలితే ఆగుతుంది. మన విభాగం భాషలో చెప్పాలంటే అది ఆన్-ఆఫ్ కంట్రోలు. ఆన్-ఆఫ్ కంట్రోలుతో స్నానాల గదిలో గీజరు నడుస్తుంది గాని విమానం నడవదు. వరుసగా పదకొండు రాత్రులు రన్‌వే పక్కనున్న గడ్డిలో దిగాను.

తరువాత బజారులో చవకరకం జాయ్‌స్టిక్కు ఒకటి కొన్నాను. నెల తిరక్కుండానే దానికి వణుకు పట్టుకున్నది. లోపల విప్పి చూస్తే రెండు చిన్న పొటెన్షియోమీటర్లు, అంటే పాత రేడియోల్లో వాల్యూము తిప్పే మీటలాంటివి. కర్బనపు పూతమీద సన్నని లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకునేది ఏదైనా అరగక తప్పదు. దండాన్ని ముట్టుకోకుండా వదిలేసినా కొలత 505కూ 519కీ మధ్య గంతులు వేస్తూనే ఉన్నది. ముప్పై ఏళ్ళుగా ప్లాంటులో ట్రాన్స్‌మిటర్లకు జీరో, స్పాను సరిచేసే ఉద్యోగం చేస్తున్నవాడిని. నా ఇంట్లోనే ఇలాంటి కొలత కళ్ళెదుట ఆడుతుంటే ఎలా నిద్రపడుతుంది? సొంతంగా తయారుచేసుకోవాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

ఈ పనికి కొంత వంశచరిత్ర ఉన్నదని తరువాత తెలిసింది. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ అనే యువకుని తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. విమానం నేర్చుకోవాలనే తపన ఉండి, గంటకింత అని రుసుము చెల్లించుకోలేక, ఆ యువకుడు ఆర్గన్‌కు గాలి ఊదే తిత్తులనే తీసుకుని ఒక చెక్కపెట్టె కింద అమర్చాడు. దండం కదిపితే తిత్తుల్లోకి గాలి చేరి, పెట్టె విమానంలాగే ఒరిగేది. 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. మొదట్లో దానిని జాతరలో వినోదంగానే చూశారు. 1934లో సైనిక విమానాలకు తపాలా మోసే బాధ్యత అప్పగించినప్పుడు, మేఘాల్లో దారి తప్పి పలువురు వైమానికులు మరణించాక గాని సైన్యం ఆ నీలిపెట్టెలను కొనలేదు. హార్మోనియం తిత్తికీ విమాన శిక్షణకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నదని మా సంగీతం మాస్టారికి చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు.

నా పెట్టెకు తిత్తులు లేవు. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు, సైకిలు దుకాణంలో దొరికిన స్ప్రింగులు, ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బాల్ బేరింగులు ఆరు, పాత కుట్టుమిషను ఇనుపచట్రం, తలుపు గొళ్ళేనికి వాడే కడ్డీ ఒకటి. (ఇందులో ఒక్క మేకు కూడా ప్లాంటు స్టోర్సుది కాదని, అన్నింటికీ రసీదులు ఉన్నాయని విజిలెన్సు విభాగపు మిత్రులకు సవినయంగా మనవి.) ఒక చట్రంలో మరొక చట్రం తిరిగేలా అమర్చితే దండం ముందువెనకలకూ, కుడియెడమలకూ వేర్వేరుగా కదులుతుంది. కింద కాళ్ళకు రెండు పెడళ్ళు, విమానం తోకలోని చుక్కానికి. ఎడమ పక్కన ఇంజను మీట. అంతే.

కొలిచేందుకు ఈసారి రాపిడి లేని సాధనం ఎంచుకున్నాను. ఇరుసు కొనకు చిన్న అయస్కాంతం అతికించి, దానికి ఎదురుగా రెండు మిల్లీమీటర్ల దూరంలో ఒక చిప్పును నిలబెడితే, అయస్కాంతం ఏ కోణంలో ఉన్నదో అది తాకకుండానే చెబుతుంది. అయస్కాంత క్షేత్రంలో ఉండి, కరెంటు పారుతున్న లోహపు రేకులో అడ్డంగా వోల్టేజి పుడుతుందని 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రమే దీనికి ఆధారం. నేను వాడిన చిప్పు ఒక పూర్తి చుట్టును 4,096 భాగాలు చేస్తుంది. నా దండం తిరిగేది ఈ కొస నుంచి ఆ కొసకు 40 డిగ్రీలే కనుక దక్కేవి 455 మెట్లు. మునుపటి పద్ధతిలో, 300 డిగ్రీలు తిరిగే పొటెన్షియోమీటరును 1,024 భాగాలు చేస్తే అదే 40 డిగ్రీలకు వచ్చేవి 136 మాత్రమే. మూడింతలకు పైగా లాభం.

లాభం కనబడింది గాని రెండు చిప్పులూ కలిపిన రోజున ఒక్కటీ పనిచేయలేదు. మూడు ఆదివారాలు పోయాక కారణం తెలిసింది. ఆ చిప్పులన్నింటికీ తయారీలోనే ఒకే చిరునామా ఇచ్చి పంపుతారట, మార్చడానికి వీలులేదు. ఒకే నంబరు ఉన్న రెండు క్వార్టర్లకు తపాలా బట్వాడా చేయమంటే పోస్టుమాను ఏం చేస్తాడు? రెండు ఉత్తరాలూ ఒకే గుమ్మంలో పడేస్తాడు. మధ్యలో మరొక చిన్న చిప్పు పెట్టి, ఒక క్షణం ఈ ఇంటికీ మరుక్షణం ఆ ఇంటికీ దారి మార్చేలా చేస్తే సమస్య తీరింది. ఆ సమాచారాన్ని ఒక ఆర్డుయినో బోర్డు సెకనుకు నూరుసార్లు చదివి, తనను తాను జాయ్‌స్టిక్కుగా పరిచయం చేసుకుని కంప్యూటరుకు అందజేస్తుంది.

ఇక ట్యూనింగు. దండాన్ని కుడికి తోసి వదిలితే మధ్యకు వచ్చి ఆగుతుంది. ఎడమకు తోసి వదిలినా మధ్యకే వస్తుంది. అయితే ఆ రెండు మధ్యలూ ఒకటి కావు. తొమ్మిది మెట్లు తేడా. మన కంట్రోలు వాల్వు కాండం ప్యాకింగులో పట్టుకున్నప్పుడు పైకి వెళ్ళేటప్పుడు ఒక కొలత, కిందికి దిగేటప్పుడు ఒక కొలత వస్తుందే, అచ్చం ఆ జబ్బే. దీనిని కప్పిపుచ్చడం సులభం. మధ్యలో అటూయిటూ కొంత భాగాన్ని డెడ్ బ్యాండుగా ప్రకటించి, అక్కడ దండం ఎంత కదిలినా లెక్కచేయవద్దని కంప్యూటరుకు చెబితే చాలు. నేనూ మొదట అదే చేశాను. అప్పుడు విమానం తిన్నగా పోయినట్టే పోయి మెల్లగా ఒరుగుతుంది. సరిదిద్దబోతే కొంతదూరం ఉలుకూపలుకూ ఉండదు, తరువాత ఒక్కసారిగా ఉలిక్కిపడుతుంది. చివరకు బేరింగులు విప్పి చూస్తే ఒక చట్రం అర మిల్లీమీటరు వంకరగా బిగించానని తేలింది. సరిచేశాక తేడా రెండు మెట్లకు దిగింది. డెడ్ బ్యాండు తీసేశాను. ఆ రాత్రి మొదటిసారిగా రన్‌వే మధ్యగీత మీద దిగాను. చూసి ఆనందించడానికి ఇంట్లో మేలుకుని ఉన్నవాడు మా నాయన ఒక్కడే.

వృద్ధాప్యంలో నిద్ర తక్కువ కదా. రోజూ గుమ్మం దగ్గర మోడా వేసుకుని కూర్చుని చూసేవాడు. ఆ రాత్రి లేచివచ్చి దండం మీద చెయ్యి వేసి, "ఏందిరా ఇది, తెడ్డా?" అన్నాడు.

"తెడ్డులాంటిదే నాయనా. విమానానికి."

"ఏటి మీదికి పోతాదా?"

ఆ ప్రశ్నకు వెనక ఉన్న కథ కొంత చెప్పాలి. మాది కర్నూలు జిల్లాలో సంగమేశ్వరానికి దిగువన, కృష్ణ కుడిగట్టున ఉండిన ఊరు. శ్రీశైలం జలాశయం కింద మునిగిన సుమారు నూరు గ్రామాలలో అదీ ఒకటి. 1981లో బండి మీద సామానుతో మేము ఊరు విడిచినప్పుడు నాకు పదకొండేళ్ళు. నాయన పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను: వెదురు బద్దలతో పెద్ద గంపలాగా అల్లి, అడుగున తోలు కప్పిన గుండ్రని పడవ. తరువాతి కాలంలో తోలు బదులు తారు పూసిన గోనెగుడ్డ వచ్చింది. దానికి ముందూ వెనకా లేవు. తెడ్డు తప్పితే అక్కడే గిరగిరా తిరుగుతుంది. అటువంటి దానిలో మనుషులను, మేకలను, ధాన్యపు బస్తాలను ఆవలి గట్టుకు చేర్చినవాడు, ఊరు పోయాక పట్నం వచ్చి గోదాములో బస్తాలు మోశాడు. పరిహారం సొమ్ము ఏమైందన్నది వేరే కథ. ఆ కాగితాలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఊరు పోయినందుకు ఆయన ఏడవగా నేను చూడలేదు. ఊరి ప్రస్తావన వస్తే లేచి వెళ్ళిపోయేవాడు. ఈ నలభై ఏళ్ళలో ఆ వైపు వెళ్దామన్న మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

అయితే ఒక చిక్కు ఉన్నది. గత ఏడెనిమిదేళ్ళుగా నాయనకు చేతుల వణుకు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. దండం ఆయన చేతికి ఇస్తే విమానం చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయింది. సెకనుకు నూరు కొలతలు తీసే యంత్రం ముందర వణుకు దాగదు. ఆ రాత్రి కొలతలను కాగితం మీద గీసి చూస్తే సెకనుకు అయిదు, ఆరు ఊపులు, గడియారంలాగా క్రమం తప్పకుండా ఉన్నాయి. డాక్టరుగారు మాటల్లో చెప్పిన దానిని నేను రేఖాచిత్రంగా చూస్తున్నాను. కొడుకుగా అది చూడడం వేరు, ఇన్‌స్ట్రుమెంటు పనివాడిగా చూడడం వేరు. రెండవవాడికి ఒక ఆశ పుట్టింది. మనిషి కావాలని చేసే కదలిక నిదానంగా ఉంటుంది. వణుకు వేగంగా ఉంటుంది. వేగంగా మారే దానిని అణచి, నిదానమైన దానిని పోనిచ్చే ఫిల్టరు పెడితే?

ప్రెషరు గేజీ ముల్లు కొట్టుకుంటుంటే మనం డ్యాంపింగు పెంచుతాము కదా, అదే పద్ధతి. కాలస్థిరాంకం 0.4 సెకన్లు పెట్టాను. లెక్క ప్రకారం ఆ వణుకు పద్నాలుగో వంతుకు తగ్గాలి, తగ్గింది. కాని ఉచితంగా వచ్చేది ఏదీ లేదు. ఫిల్టరు పెట్టాక విమానం చేతికి ఆలస్యంగా స్పందిస్తుంది. నేను నడిపి చూశాను. కుడికి ఒరిగితే ఎడమకు తోస్తాను. వెంటనే కదలదు కనుక ఇంకా తోస్తాను. అంతలో మొదట తోసినదీ తరువాత తోసినదీ కలిసివచ్చి ఎడమకు పడిపోతుంది. మళ్ళీ కుడికి. నాలుగు ఊపుల్లో నేలకూలాను. లూపులో ఆలస్యం పెరిగితే ఊగిసలాట తప్పదని ట్రైనీలకు పాఠం చెప్పేవాడిని నేనే. ఇది పనికిరాదని, తీసేద్దామని లేవబోయాను.

నాయన కుర్చీలో కూర్చుని దండం పట్టుకున్నాడు. నేను మాట్లాడలేదు. విమానం కొంచెం ఒరిగింది. ఆయన దండాన్ని ఇంత కదిపి, వెంటనే వెనక్కు తెచ్చి, ఊరుకున్నాడు. అర సెకను గడిచాక రెక్కలు సమంగా వచ్చి నిలిచాయి. మళ్ళీ ఒరిగింది, మళ్ళీ అంతే. పది నిమిషాలు తిన్నగా పోనిచ్చాడు.

"ఎట్ల నాయనా? నాకు చేతికి రావట్లేదు."

"తెడ్డు ఏసిన యెంటనే పుట్టి తిరుగుతాదారా? నీళ్ళు ఇనుకోవద్దూ?"

నీళ్ళు వినుకోవాలి. ఆ ఆలస్యం నాకు లోపం, ఆయనకు అలవాటు. పుట్టిలో తెడ్డు వేసి ఫలితం కోసం ఆగడం ఆయన పదేళ్ళ వయసులో నేర్చుకున్నాడు. మరునాడు బోర్డుకు ఒక చిన్న టాగుల్ స్విచ్చి బిగించాను. పైకి వేస్తే ఫిల్టరు, కిందికి వేస్తే లేదు. కొలతల్లో వణుకు ఇంకా కాస్త తగ్గాలని దండం అడుగున కిలోన్నర ఇనుపబిళ్ళలు కూడా వేలాడదీశాను. బరువు ఉన్నదానిని వేగంగా వణికించడం చేతికి కష్టం. స్విచ్చి పైన మా కోడలు చిన్న కాగితం అతికించి "తాతయ్య" అని రాసింది.

ఇక ప్రయాణం. పటం ముందు పెట్టుకుని దారి గీశాను. శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి నుంచి దాదాపు సూటిగా దక్షిణంగా 140 కిలోమీటర్లు పోతే సంగమేశ్వరం. సెస్నా వేగానికి ముప్పావు గంటలోపు. టేకాఫు నేను చేశాను. ఇంజను శబ్దం వినగానే నాయన తలగుడ్డ సవరించుకోవడం చూసి మా ఇల్లాలు నవ్వు ఆపుకోలేకపోయింది. 3,500 అడుగులకు ఎక్కాక ట్రిమ్ము చక్రం తిప్పి, చేతులు వదిలినా సమంగా పోయేలా చేసి, స్విచ్చి పైకి వేసి దండం ఆయనకు అప్పగించాను.

ఎడమ వైపు కల్వకుర్తి పోయింది, కుడి వైపు నాగర్‌కర్నూలు. నిజానికి అవి కనబడవు. ఉచిత సిమ్యులేటరులో ఊళ్ళన్నీ ఒకటే. ఒకే రకం ఇళ్ళ బొమ్మను అన్ని చోట్లా పరిచి ఉంటారు. కొల్లాపురం మామిడి తోటలు ఉండవలసిన చోట ఏదో చలిదేశపు చెట్లు నిలబడి ఉన్నాయి. నాయన వాటిని పట్టించుకోలేదు. "యాడుంది? యాడుంది?" అంటూ ముందుకు వంగి చూస్తూనే ఉన్నాడు. నేల పల్లమవుతూ వచ్చింది. పీఠభూమి అంచున గుట్టలు విరిగి, వాటి సందుల్లోంచి ముందు ఒక నీలిముక్క, తరువాత ఇంకొకటి, చివరకు ఎదుటనంతా పరుచుకుని కృష్ణ. నీటిమట్టం నిండినప్పుడు 885 అడుగులు. మేము దిగుతూ వెళ్ళాము. దూరాన తూర్పున నల్లమల.

నేను కిందికి చూసి నిరాశపడ్డాను. అది నది కాదు, నీలిరంగు పలక. దాని మీద ఋతువుల మార్పు లేదు. మే నెలలో కూడా నిండుగానే ఉంటుంది. దీనికి కారణం ఈ సిమ్యులేటరు నేలను ఎక్కడి నుంచి తెచ్చుకున్నదో తెలిస్తే అర్థమవుతుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక పదకొండు రోజులు భూమి చుట్టూ తిరిగి, రాడారుతో భూతలంలో సుమారు ఎనభై శాతం మేర ఎత్తుపల్లాలు కొలిచింది. తొంభై మీటర్లకు ఒక చుక్క చొప్పున ఆ కొలతలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. కాని రాడారు నీటి అడుగును చూడలేదు. నీటి పైభాగం దగ్గరే ఆగిపోతుంది. అప్పటికే ఆనకట్ట నిలిచి రెండు దశాబ్దాలు. ఆ లోయ, ఏటిగట్లు, మా ఊరి రాతిమెట్ల రేవు, రచ్చబండ ఉన్న మిట్ట, ఇవేవీ ఆ లెక్కలోకి రాలేదు. ఈ సంగతి నాయనకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

ఆయన నీటివైపు చూడడంలేదు. కొండల వైపు చూస్తున్నాడు.

"ఆ మూపురం గుట్ట చూడు. దాని యెనక రెండు కొండల నడుమ సందుంటాది. మూపురం పోయి ఆ సందులో కూచోవాల" అన్నాడు. విమానాన్ని నీటికి నూరడుగుల ఎత్తుకు దించమని నాకు చెప్పి, తాను మెల్లగా పడమరకు, మళ్ళీ తూర్పుకు తిప్పాడు. తెరమీద ఎద్దు మూపురంలాంటి గుట్ట వెనకనున్న చీలిక వైపు జరుగుతూ వెళ్ళి అందులో ఒదిగింది. "ఇంగ ఇట్ల చూడు" అంటూ ఉత్తరాన కొల్లాపురం వైపు మరొక గుట్టనూ, దాని వెనక శిఖరాన్నీ చూపాడు. రాత్రివేళ, వరదకాలంలో, ఒడ్డు కనబడనప్పుడు పుట్టివాళ్ళు రేవును గుర్తుపట్టిన పద్ధతి అది. రెండు గీతలు కలిసిన చోటు ఒక్కటే ఉంటుంది. నావికాశాస్త్రంలో దీనికి పెద్ద పేర్లు ఉన్నాయి. మా ఊళ్ళో మాత్రం దీనిని "కొండలు కలపడం" అనేవారట. నేను ఆ ఊళ్ళో పుట్టినవాడినే, ఈ మాట నాకు తెలియదు.

రాడారు లోయను వదిలేసింది గాని కొండలను వదలలేదు.

"ఇదే" అన్నాడు. కింద నీలిరంగు తప్ప ఏమీలేదు. ఆయన దాని చుట్టూ తిరగసాగాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. నేను అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసుకున్నాను. ఏడో చుట్టులోనో ఎనిమిదో చుట్టులోనో ఇంధనం తగ్గుతున్నదని చెప్పబోయి మానుకున్నాను. ఇంట్లో విమానానికి ఇంధనం నింపడం ఒక మీట నొక్కినంత పని.

ఆ వేసవిలో ఆయనే అడిగాడు, పోదామని. మే రెండవ వారంలో కర్నూలు చేరి, అక్కడి నుంచి కారులో నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా బయలుదేరాము. ఆ ప్రాంతం 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నది. తారురోడ్డు పోయాక ఎర్రమట్టి, అదీ పోయాక నల్లని ఒండ్రు. నీరు వెనుదిరిగిన నేలంతా అరచేతి వెడల్పు పగుళ్ళు. మధ్యమధ్య, తేమ మిగిలిన చోట రైతులు పైరు వేసుకున్నారు. మళ్ళీ వరద వచ్చేలోగా చేతికి వస్తే వచ్చినట్టు. గట్టు మీద నిలబడి చూస్తే విశాలమైన ఆ బీడులో సంగమేశ్వరాలయం ఒంటరిగా కనబడింది. ఏడాదిలో అధికభాగం నీటిలో ఉండి, వేసవి నెలల్లో బయటపడే గుడి అది. గోడల మీద నీటిమట్టం విడిచిన చారలు వరుసలుగా ఉన్నాయి. గర్భగుడిలోని శివలింగం రాయి కాదు, వేపమాను. ధర్మరాజు ప్రతిష్ఠించినదని స్థలపురాణం. ఏటా నెలల తరబడి నీటిలో నానుతూ, మళ్ళీ ఎండుతూ ఆ మాను నిలిచి ఉన్నది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదుల సంగమస్థానమని ప్రసిద్ధి. వీటిలో భవనాశి మాత్రం నల్లమలలో పుట్టి పడమటికి వచ్చి కలుస్తుంది.

కూడవెల్లిలోని మరొక సంగమేశ్వరాలయాన్ని మాత్రం మునగకముందే రాయికి రాయి విప్పి ఆలంపురానికి తరలించి మళ్ళీ కట్టారు. చూడదగిన పని, మెచ్చదగిన పని. మా ఇంటి దూలాలను నాయన ఒక్కడే విప్పి బండికెత్తాడు. వాటిలో ఒకటి విరిగి దారిలోనే ఉండిపోయింది.

మా ఊరు గుడికి దిగువన, పల్లంలో ఉండేది కనుక అది బయటపడలేదు. ఇంజను పడవ మాట్లాడుకున్నాము. పడవ నడిపే కుర్రవాడు నాయనను "తాతా" అంటూ చెయ్యిపట్టి ఎక్కించి, ఎక్కడికని అడిగాడు. నాయన సమాధానం చెప్పకుండా కొండల వైపు చూపు తిప్పాడు. అసలు కొండలు తెరమీది వాటికన్నా మొరటుగా, పొగమంచులో మాసినట్టు ఉన్నాయి. మూపురం గుట్ట మీద ఇప్పుడొక స్తంభం ఉన్నది. "కొంచెం పైకి... ఇంగొంచెం... ఆపు" అన్నాడు. ఇంజను ఆగింది. నీటిమీద ఎండ తప్ప శబ్దమేమీ లేదు.

నేను సెల్‌ఫోనులో స్థానం చూసుకున్నాను. ఇంట్లో కాగితం మీద రాసుకున్న స్థానానికీ దీనికీ మధ్య 420 మీటర్లు తేడా. ఫోను పొరపాటు పది మీటర్లకు మించదు. తెరమీది కొండలు తొంభై మీటర్లకు ఒక చుక్కతో గీసినవి కనుక అక్కడ కొంత. విమానం తిరుగుతూ ఉండగా రాసుకున్నాను కనుక మరికొంత. మిగిలినది నలభై ఏళ్ళ జ్ఞాపకానిది కావచ్చు, కాకపోవచ్చు. ఇన్‌స్ట్రుమెంటు సెక్షనులో ఇంత తేడా వస్తే సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టను.

నాయన ఒంగి చెయ్యి నీటిలో పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చెయ్యి వణుకుతున్నదో లేదో నీటిలో తెలియలేదు. తరువాత ఆ కుర్రవాడితో, ఈ తావులో వల వేస్తే రాళ్ళకు చిక్కుతుందా అని అడిగాడు. చిక్కుతుంది తాతా, ఇక్కడ ఎవరూ వెయ్యరు అన్నాడు కుర్రవాడు. నాయన తల ఊపాడు.

ఆనకట్టకు పూర్వపు సర్వే పటం ఒకటి సంపాదిస్తే మా ఊరి గుడి ఎక్కడుండేదో గుర్తుతో సహా ఉంటుందని, దానితో ఎవరి లెక్క ఎంత తప్పో తేలిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమే. ఇంతవరకు నేను ప్రయత్నించలేదు.

నాయన ఇప్పుడు వారానికి రెండు రాత్రులు వెనక గదిలో కూర్చుంటాడు. దిగడం కూడా నేర్చుకున్నాడు, అయితే రన్‌వే మధ్యగీత మీద ఆయనకు గౌరవం లేదు. నిన్న ఒక ఫిర్యాదు చేశాడు: దండం ఎడమకు కొంచెం ఈడుస్తున్నదట. కొలిచి చూస్తే నాలుగు మెట్లు తేడా కనబడింది. ఎడమ స్ప్రింగు సాగినట్టున్నది. ఈ ఆదివారం విప్పి చూడాలి.